కాందిశీకుల పారిశుద్ధ్యం, మనోస్వస్థత: మదీనా నుండి సాలిహియా వరకు

ఇల్లూ వాకిలీ, పొలమూ పుట్రా వదలుకొని పరాయి నగరం చేరిన మనిషికి ముందుగా ఏమి కావాలి? తల దాచుకొనే చోటు, కడుపు నింపే తిండి అని ఎవరైనా చెబుతారు. ఆ మాట నిజమే. కాని ఆ రెండూ దొరికిన తరువాత కూడా కాందిశీకులు జబ్బుపడి, కుంగిపోయి, ఒకరి వెనుక ఒకరు రాలిపోయిన ఘట్టాలు చరిత్రలో తక్కువేమీ కాదు. శుభ్రమైన నీరు, గాలి ఆడే నివాసం, మురుగు పోయే దారి దేహానికి అవసరం. తనవారి తోడు, చేతికి పని, చెప్పుకొంటే వినే మనిషి మనసుకు అవసరం. ఈ రెండు రకాల అవసరాలను వేర్వేరు శాఖలకు అప్పగించడం ఆధునిక కాలపు అలవాటు. ముస్లిం సమాజపు తొలి అనుభవం మాత్రం వాటిని ఒకే సమస్యకు రెండు ముఖాలుగా చూసింది.

హిజ్రత్ అనంతర మదీనా, పన్నెండవ శతాబ్దిలో డమాస్కస్ పొలిమేరలో వెలసిన సాలిహియా పేట, పందొమ్మిదవ శతాబ్ది చివరి ఇస్తాంబుల్. ఈ మూడు నగరాలు తమ గడపకు వచ్చినవారిని ఎలా ఆదుకొన్నాయి, ఎక్కడ సఫలమయ్యాయి, ఎక్కడ పొరబడ్డాయి అన్నదే ఈ వ్యాసంలోని పరిశీలనాంశం. పూర్వికుల సేవను పొగడడం సులభం, బేరీజు వేయడం కష్టం. అయినా బేరీజు వేయని సేవ చేసిన పొరపాటునే మళ్లీ మళ్లీ చేస్తుంది.

జ్వరమూ, బెంగా

క్రీ.శ. 622లో మక్కా నుండి యస్రిబ్‌కు వచ్చిన ముహాజిర్లలో పలువురు వచ్చిన కొద్దికాలానికే జ్వరాన పడ్డారు. మక్కా ఎండు లోయ. యస్రిబ్ ఖర్జూరపు తోటల నడుమ చెమ్మగా ఉండే ఊరు. ఆనాడు అది వ్యాధులకు పేరుపడిన ప్రదేశమనీ, అక్కడి బుత్‌హాన్ వాగులో చెడిపోయిన నీరు పారేదనీ హజ్రత్ ఆయిషా (రజి) చెప్పిన మాట సహీహ్ బుఖారీలో ఉంది. ఆమె తండ్రి హజ్రత్ అబూబక్ర్ (రజి), ముఅజ్జిన్ హజ్రత్ బిలాల్ (రజి) ఇద్దరూ మంచం పట్టారు.

జ్వరం కాస్త తగ్గినప్పుడల్లా బిలాల్ (రజి) గొంతెత్తి మక్కాను తలచుకొంటూ కవిత చెప్పేవారు. ఆ ఊరి గడ్డీ, నీళ్లూ, కొండలూ ఆయన కళ్ల ముందు కదలాడేవి. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. మక్కాలో బిలాల్‌కు దక్కింది సుఖం కాదు. మండుటెండలో కాలిన ఇసుకపై పడుకోబెట్టి గుండెలపై బండరాయి పెట్టిన ఊరు అది. అయినా ఆయన మనసు ఆ ఊరి కోసమే కొట్టుకొన్నది. హింస నుండి తప్పించుకొని వచ్చినవాడు సంతోషంగానే ఉంటాడని అనుకొనేవారికి ఈ ఒక్క ఘట్టం చాలు. మనిషి హింసను వదిలి వస్తాడు గాని ఊరును వదలలేడు.

ఆయిషా (రజి) ఈ సంగతిని దైవప్రవక్త (స)కు విన్నవించారు. బెంగపడటం విశ్వాసలోపమని ఆయన మందలించినట్లు ఉల్లేఖనంలో లేదు. ఆయన దుఆ చేశారు. ఆ దుఆలో నాలుగు కోరికలున్నాయి. మదీనా తమకు మక్కా అంత ప్రియం కావాలి, లేదా అంతకన్న ఎక్కువ ప్రియం కావాలి. ఊరు ఆరోగ్యకరం కావాలి. అక్కడి కొలతలైన సాలోనూ, ముద్‌లోనూ బర్కత్ కలగాలి. అక్కడి జ్వరం తొలగి జుహ్‌ఫా వైపు పోవాలి. మనసు, ఆరోగ్యం, జీవనోపాధి, రోగనివారణ ఇలా ఒకే దుఆలో కలిసి వచ్చాయి. కాందిశీకులకు చేసే సహాయాన్ని తూచడానికి ఇంతకన్న మంచి తూనిక దొరకదు.

మదీనా చేసిన ఏర్పాట్లు

దుఆతో పాటు ఏర్పాట్లు కూడా జరిగాయి. వాటిలో మొదటిది సోదర బంధం. ఒక్కొక్క ముహాజిర్‌ను ఒక్కొక్క అన్సారీ కుటుంబానికి సోదరునిగా దైవప్రవక్త (స) జతపరచారు. దీని వలన రెండు మేళ్లు జరిగాయి. వచ్చినవారంతా ఒకేచోట కిక్కిరిసి పడి ఉండకుండా ఊరి ఇళ్లలో సర్దుకొన్నారు. ప్రతివానికీ పేరు పెట్టి పిలిచే ఒక ఇల్లు ఏర్పడింది. అన్సార్ల ఈ త్యాగాన్ని దివ్య ఖుర్ఆన్ హష్ర్ సూరాలో ప్రశంసించింది.

రెండవది పని. అన్సార్లు తమ ఖర్జూరపు చెట్లను సగానికి సగం పంచి ఇస్తామన్నారు. దైవప్రవక్త (స) అందుకు ఒప్పుకోలేదు. ముహాజిర్లు తోటల్లో శ్రమ చేసేటట్లు, పండిన దానిలో భాగం పొందేటట్లు ఏర్పాటు జరిగింది. హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి)కు ఆయన అన్సారీ సోదరుడు సఅద్ బిన్ రబీ (రజి) ఆస్తిలో సగం ఇవ్వజూపగా, ఆయన కృతజ్ఞతతో కాదని, బజారు ఎక్కడ ఉన్నదో చూపించమని అడిగారు. ఎండబెట్టిన పెరుగు ముద్దలతో, నెయ్యితో వ్యాపారం మొదలుపెట్టారు. చేతులు చాచి తీసుకొన్న సొమ్ము కడుపును నింపుతుంది. చేతులతో సంపాదించిన సొమ్ము తల ఎత్తుకొనేటట్లు చేస్తుంది.

మూడవది నీరూ, శుభ్రతా. మదీనాలో మంచినీటికి కొరతగా ఉన్న రోజుల్లో రూమా బావిని హజ్రత్ ఉస్మాన్ (రజి) కొని ముస్లిములందరికీ ధారాదత్తం చేశారు. నీటి రేవుల వద్ద, దారుల్లో, జనం సేదతీరే నీడల్లో మలవిసర్జన చేయడాన్ని దైవప్రవక్త (స) గట్టిగా నిషేధించారు. శుక్రవారపు స్నానానికి గల నేపథ్యాన్ని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) ఇలా వివరించారు. జనం ఉన్ని దుస్తులు ధరించి వీపులపై బరువులు మోసే కష్టజీవులు. మస్జిద్ ఇరుకు, పైకప్పు తక్కువ ఎత్తు. ఒక వేసవి రోజున చెమట వాసన వలన ఒకరికొకరు ఇబ్బందిపడగా, స్నానం చేసి, ఉన్న సుగంధం పూసుకొని రమ్మని ఆదేశం వచ్చింది. ఇందులో పేదవానిని అసహ్యించుకోవడం లేదు. అతణ్ణి బయట నిలబెట్టలేదు, స్నానం చేసి లోపలికి రమ్మన్నారు.

నాలుగవది దుఃఖితుల సంరక్షణ. ఇంట్లో చావు జరిగినప్పుడు ఆయిషా (రజి) తల్బీనా అనే యవల జావను వండించి పెట్టేవారు. అది రోగి గుండెకు ఊరటనిస్తుందని, దుఃఖాన్ని కొంత తగ్గిస్తుందని దైవప్రవక్త (స) చెప్పగా ఆమె విన్నారు. వెచ్చని జావ గిన్నెతో ఒకరు పక్కన కూర్చోవడం పెద్ద వైద్యం కాకపోవచ్చు. కాని వైద్యుని అవసరం కలుగక ముందే చేయవలసిన పని అది.

అయితే మదీనాలో లోటు లేకపోలేదు. ఇల్లూ బంధువులూ లేని పేదలు మస్జిద్ అరుగు మీద, సుఫ్ఫా నీడలో ఉండేవారు. వారిలో డెబ్బైమందికి పైన కప్పుకొనే వస్త్రం సైతం లేదని హజ్రత్ అబూహురైరా (రజి) చెప్పారు. సోదర బంధం అందరి లేమినీ తీర్చలేదు. అయితే సుఫ్ఫావారు ఊరికి దూరంగా కాక, ఊరి నడిబొడ్డున దైవప్రవక్త (స) ఇంటి గుమ్మం వద్దనే ఉన్నారు. వారి ఆకలి రోజూ అందరి కంటా పడేది.

బల్ఖీ గ్రంథం

మదీనా ఆచరణలో కనిపించిన సూత్రాన్ని శాస్త్రంగా కూర్చినవాడు అబూ జైద్ అల్ బల్ఖీ. క్రీ.శ. 934లో మరణించిన ఈ విద్వాంసుడు దేహాల, ఆత్మల హితాన్ని గురించి ఒకే గ్రంథం రచించాడు. దాని తొలి భాగం గాలి, నీరు, నివాసం, ఆహారం, స్నానం వంటి విషయాలను చర్చిస్తుంది. మలి భాగం కోపం, భయం, దుఃఖం, మనసును వదలని దురాలోచనలు అనే నాలుగింటిని పరిశీలిస్తుంది. దేహానికి వచ్చినట్లే మనసుకూ జబ్బు వస్తుందనీ, ఒకదాని జబ్బు రెండవదానికి సోకుతుందనీ ఆయన వాదం. నివాసం గురించీ దుఃఖం గురించీ ఒకే అట్టల మధ్య రాయడం యాదృచ్ఛికం కాదు. ఇరుకు గదిలో, చెడు నీటి పక్కన బ్రతికే మనిషికి ఓదార్పు మాటలు ఎంతవరకు పనిచేస్తాయి? ఈ ప్రశ్నకు రెండు శతాబ్దాల తరువాత డమాస్కస్ నగరంలో ఒక కాందిశీక సమూహం తన ప్రాణాలతో సమాధానం చెప్పింది.

జమ్మాయీల్ నుండి డమాస్కస్‌కు

1099లో క్రూసేడర్లు జెరూసలేమును ఆక్రమించిన తరువాత పాలస్తీనా పల్లెల్లోని ముస్లిం రైతులు ఫ్రాంకు ప్రభువుల ఏలుబడిలోకి వచ్చారు. నాబ్లస్ సమీపంలోని జమ్మాయీల్ అటువంటి పల్లె. అక్కడ అహ్మద్ బిన్ ముహమ్మద్ బిన్ ఖుదామా అనే హంబలీ విద్వాంసుడు ఖుర్ఆన్ బోధిస్తూ, శుక్రవారం ఖుత్బా ఇస్తూ ఉండేవాడు. చుట్టుపక్కల రైతులు ఆయన వద్దకు గుమికూడటం స్థానిక ఫ్రాంకు ప్రభువుకు కంటగింపైంది. పన్నుల భారం, శారీరక హింస అప్పటికే ఉన్నాయి. ప్రాణాపాయం ఉన్నదని తెలిసి షేఖ్ అహ్మద్ 1156లో డమాస్కస్‌కు తరలిపోయాడు. తరువాత ఆయన కుటుంబమూ, బంధువులూ, ఇరుగుపొరుగు పల్లెలవారూ విడతలు విడతలుగా ఆ దారినే నడిచారు. మొత్తం వందమందికి పైగా స్త్రీపురుషులు, పిల్లలు ఆ విధంగా నగరవాసులైనారు.

ఆనాటి డమాస్కస్ సుల్తాన్ నూరుద్దీన్ పాలనలో ఉంది. నగరం వారిని తిరస్కరించలేదు. తూర్పు ద్వారమైన బాబ్ షర్ఖీ వెలుపల ఉన్న అబూ సాలిహ్ మస్జిద్‌లో వారికి ఆశ్రయం దొరికింది. మస్జిద్‌లో చోటు కన్న గౌరవప్రదమైన ఆశ్రయం ముస్లిముకు ఇంకేముంటుంది? కాని అక్కడే వారిని రోగాలు చుట్టుముట్టాయి. ఆ స్థలం అనారోగ్యకరమైనది. బరదా నది పడమటి నుండి తూర్పునకు నగరం గుండా పారుతుంది. నగరం వాడి వదిలిన నీరు తూర్పు పల్లానికే చేరుతుంది. కొండగాలికీ ఊటనీటికీ అలవాటుపడిన పల్లెజనం ఆ పల్లంలో, చాలని గదుల్లో కిక్కిరిసి ఉండగా మరణాలు వరుసగా సంభవించాయి. ఫ్రాంకుల కత్తికి దొరకకుండా వచ్చినవారు చెడుగాలికి బలైపోయారు.

దీనికి తోడు మరొక చిక్కు. ఆ మస్జిద్ వక్ఫ్ వ్యవహారంలో నగరంలోని పాత హంబలీ కుటుంబానికీ కొత్తగా వచ్చినవారికీ పొరపొచ్చాలు వచ్చాయి. ఆశ్రయం ఇచ్చిన చోట ఎవరి మాట చెల్లాలి అన్న తగవు ఎన్నో కాందిశీక సమూహాల అనుభవంలో ఉన్నదే. తన నీడ తనది కాదన్న భావన మనిషిని లోలోపల తినివేస్తుంది.

ఖాసియూన్ కొండవాలు

కొన్నేళ్ల తరువాత షేఖ్ అహ్మద్ తనవారిని తీసుకొని నగరానికి ఉత్తరాన ఉన్న ఖాసియూన్ కొండవాలుకు మారిపోయాడు. అక్కడ గాలి శుభ్రం. కొండ పాదాన్ని ఒరుసుకొని యజీద్ కాలువ పారుతుంది. ఉమయ్యద్ ఖలీఫా యజీద్ పేరు మీద ప్రసిద్ధమైన ఈ కాలువ నగరానికి ఎగువన ఉండటం వలన దానిలో నగరపు మురుగు కలవదు. ఆ ఒడ్డున వారు తమ చేతులతో దైరుల్ హనాబిలా అనే నివాసాన్ని కట్టుకొన్నారు. అదే క్రమంగా సాలిహియా పేట అయింది. సత్పురుషులు కాపురమున్నందున ఆ పేరు వచ్చిందని జనం అనుకొంటుండగా, షేఖ్ అహ్మద్ పెద్ద కుమారుడు అబూ ఉమర్ వినయంతో దాన్ని సరిదిద్దాడు. తాము అబూ సాలిహ్ మస్జిద్ నుండి వచ్చినందున ఆ పేరు వచ్చిందే గాని, తాము సాలిహులమైనందున కాదని ఆయన వివరణ. చావులు చూసిన చోటి పేరునే కొత్త ఊరు మోసింది.

1210 వరకు జీవించిన అబూ ఉమర్ ఈ పేటకు పెద్దదిక్కయినాడు. రోగులను పరామర్శించడం, జనాజాలకు హాజరు కావడం, పేదలకు తిండి చేర్చడం, డబ్బు తీసుకోకుండా ఖుర్ఆన్ ప్రతులు రాసి ఇవ్వడం ఆయన దినచర్యగా చరిత్రకారులు రాశారు. ఆయన స్థాపించిన ఉమరియా మద్రసా తరతరాల విద్యార్థులకు నిలయమైంది. పిల్లవాడుగా జమ్మాయీల్ నుండి వచ్చిన ఆయన తమ్ముడు మువఫ్ఫఖుద్దీన్ ఇబ్నె ఖుదామా (1147–1223) హంబలీ ఫిఖ్హ్‌లో అల్ ముగ్నీ అనే మహాగ్రంథాన్ని రచించాడు. ఫిఖ్హ్ గ్రంథాల సంప్రదాయం ప్రకారం అదీ నీటితో, తహారత్‌తోనే మొదలవుతుంది. శుభ్రత విషయంలో అనుమానం జబ్బుగా మారి, చేసిన వుజూనే పదేపదే చేస్తూ బాధపడేవారి కోసం ఆయన వస్వసాను ఖండిస్తూ మరొక పుస్తకం కూడా రాశాడు. శుభ్రత మనిషికి నెమ్మదినివ్వాలి గాని నెమ్మదిని హరించకూడదన్న గ్రహింపు అందులో ఉంది.

నీటి కథ అక్కడితో ముగియలేదు. 1202లో అబూ ఉమర్ పూనికతో సాలిహియాలో జామె మస్జిద్ నిర్మాణం మొదలైంది. ఒక వర్తకుడు ఇచ్చిన సొమ్ము మధ్యలో అయిపోగా, ఇర్బిల్ పాలకుడు ముజఫ్ఫరుద్దీన్ ధనం పంపి పూర్తి చేయించాడు. బర్జా గ్రామం నుండి మస్జిద్‌కు నీరు తెప్పించడానికి కూడా ఆయన సొమ్ము పంపాడు. కాని కాలువ దారిలో ముస్లిముల సమాధులున్నాయన్న కారణంతో పాలకుడు అల్ మలికుల్ ముఅజ్జమ్ దాన్ని అడ్డగించాడు. అప్పుడు మస్జిద్ వద్దనే బావి తవ్వించి, కంచరగాడిద తిప్పే నీటిచక్రం అమర్చి, దాని నిర్వహణకు వక్ఫ్ ఏర్పాటు చేశారు. చివరి మాట ముఖ్యం. చక్రం అమర్చడం ఒకనాటి దానం. అది ఆగకుండా తిరగడానికి వక్ఫ్ కావాలి.

నగరపు వైద్యం

డమాస్కస్‌లో నూరుద్దీన్ 1154లో స్థాపించిన బీమారిస్తాన్ ఆనాటి ప్రపంచంలోని గొప్ప వైద్యశాలల్లో ఒకటి. 1184లో నగరాన్ని చూసిన యాత్రికుడు ఇబ్నె జుబైర్ అక్కడి పద్ధతులను వర్ణించాడు. రోగుల పేర్లూ, వారికి కావలసిన మందులూ ఆహారమూ పుస్తకంలో రాసి ఉంచేవారు. వైద్యులు ప్రతి ఉదయం వచ్చి చూసేవారు. మతి చలించినవారికి కూడా అక్కడ చికిత్స ఉండేది, అయితే వారిని గొలుసులతో కట్టి ఉంచేవారు. ఈ రెండు సంగతులనూ కలిపే చెప్పాలి. మనోవ్యాధిని దయ్యమని వదిలివేయక వైద్యశాలకు చేర్చడం గొప్ప విషయం. గొలుసు మాత్రం ఆనాటి పరిమితికి గుర్తు.

అంతటి వైద్యశాల ఉండగానే అబూ సాలిహ్ మస్జిద్‌లో మరణాలు జరిగాయన్నది మరువరానిది. సాలిహియా కొండవాలు మీద అమీర్ సైఫుద్దీన్ అల్ ఖైమరీ కట్టించిన బీమారిస్తాన్ 1248 ప్రాంతంలో గాని రాలేదు. అంటే కాందిశీకులు వచ్చిన సుమారు తొంభై ఏళ్ల తరువాత! ఆ తొంభై ఏళ్లూ వారి ఆరోగ్యాన్ని కాపాడినవి వైద్యశాల కన్న ముందుగా ఎత్తైన నేల, పారే నీరు, పరస్పర పరామర్శ.

డమాస్కస్ వక్ఫ్‌ల సున్నితత్వానికి మరొక ఉదాహరణ 1326లో అక్కడికి వెళ్లిన ఇబ్నె బతూతా చెప్పాడు. ఒక బానిస బాలుడు వీధిలో చైనా పళ్లెం జారవిడిచి పగులగొట్టాడు. పగిలిన పాత్రలకు బదులు సొమ్ము ఇచ్చే వక్ఫ్ ఒకటి ఆ నగరంలో ఉంది. ముక్కలు ఏరుకొని వెళ్లి చూపించగా బాలునికి పాత్ర ఖరీదు దొరికింది. యజమాని దెబ్బలూ తిట్లూ తప్పాయి. విరిగిన మనసులను అతికే దానమని యాత్రికుడు దాన్ని మెచ్చుకొన్నాడు. దిక్కులేనివాని భయాన్ని కూడా ఖర్చు పద్దులో చేర్చిన సమాజం అది.

సాలిహియా అనుభవపు బేరీజు

ఈ ప్రయత్నంలో ఫలించినవి ఏవి? మొదటిది, వచ్చినవారు చెల్లాచెదురు కాలేదు. బంధువులూ పల్లెవారూ కలిసే కదిలారు, కలిసే స్థిరపడ్డారు. రెండవది, వారి వ్యవహారం వారి చేతిలోనే ఉండింది. దాతలు ధనం ఇచ్చారు, నడిపినది వారే. మూడవది, చదువు వారికి గౌరవాన్ని తెచ్చింది. కాందిశీకుల బిడ్డలుగా వచ్చినవారు ఒక తరంలోనే నగరానికి గురువులైనారు. ఈ ఫలాలు స్త్రీలకూ అందాయి. అమతుల్ లతీఫ్ అనే హంబలీ విదుషీమణి ప్రోత్సాహంతో సుల్తాన్ సలాహుద్దీన్ సోదరి రబీఆ ఖాతూన్ సాలిహియాలో హంబలీల కోసం మద్రసా కట్టించింది.

నాలుగవది, వారు తమ కథను తాము చెప్పుకొన్నారు. సాలిహియాలోనే పుట్టిన జియావుద్దీన్ అల్ మఖ్దిసీ (1173–1245) పెద్దల నోట విన్న వలస వృత్తాంతాలను సేకరించి గ్రంథస్థం చేశాడు. తాము ఎందుకు రావలసి వచ్చింది, దారిలో ఏమి జరిగింది, ఎవరెవరు పోయారు అన్నది మనవలు అడిగి, తాతలు చెప్పగా అక్షరబద్ధమైంది. వినేవాడున్న దుఃఖం సగం దుఃఖమే. వ్యాధులు, వైద్యం, రుఖియా గురించి కూడా ఆయన ఒక సంకలనం చేశాడు.

విఫలమైనవి కూడా స్పష్టమే. ఆశ్రయానికి స్థలం ఎంచుకొన్నప్పుడు నీరు, మురుగు, జనసాంద్రత ఎవరూ చూడలేదు. ప్రాణాలు పోయిన తరువాత గాని స్థలం మారలేదు. వైద్యశాల ఆలస్యంగా వచ్చింది. మరొక జాగ్రత్త కూడా అవసరం. ఈ చరిత్రను రాసినవారు ఆ కుటుంబాల వారసులే. షేఖుల సహనం, కరామత్‌లు వారి రచనల్లో నిండుగా ఉన్నాయి. కుంగిపోయి లేవలేని రైతు, బిడ్డను పోగొట్టుకొన్న తల్లి ఎలా బ్రతికారన్నది వాటిలో అరుదు. విద్వాంసుల విజయాన్ని చూసి అందరి గాయమూ మానిందని తీర్మానించడం న్యాయం కాదు.

ఇస్తాంబుల్: పాత పొరపాటు, పెద్ద ఎత్తున

ఏడు శతాబ్దాల తరువాత అదే పొరపాటు ఇస్తాంబుల్‌లో జరిగింది. వలసవచ్చినవారి కోసం ఉస్మానియా ప్రభుత్వం 1860లోనే ఒక ప్రత్యేక కమిషన్‌ను ఏర్పాటు చేసింది. అయినా 1877–78 రష్యా యుద్ధంలో బాల్కన్ ప్రాంతాల నుండి వచ్చిన ముస్లిం కాందిశీకుల వెల్లువను అది తట్టుకోలేకపోయింది. 1878 శీతకాలంలో రైళ్లలో, బండ్లలో లక్షకు పైగా జనం రాజధానికి చేరారు. మస్జిద్‌లు వారికి ఆశ్రయమైనాయి. అయాసోఫియా సైతం కుటుంబాలతో నిండిపోయింది. పేలద్వారా వ్యాపించే టైఫస్ జ్వరం, మశూచి ఆ గుంపుల్లో చెలరేగాయి. ఆదరణకు కొదవ లేదు. స్నానానికి నీరు, మార్చుకొనే బట్ట, పడుకొనే జాగా కొదవైనాయి.

1912–13 బాల్కన్ యుద్ధాల్లో ఈ దృశ్యం పునరావృతమైంది. ఈసారి కలరా వచ్చింది. అప్పుడు భారతదేశం నుండి డాక్టర్ ముఖ్తార్ అహ్మద్ అన్సారీ నాయకత్వాన ఒక వైద్య బృందం టర్కీ వెళ్లి సేవ చేసింది. అన్సారీ మద్రాసు వైద్య కళాశాలలో చదివినవాడు. గాయపడిన సైనికుల చికిత్సతో ఆగకుండా, కాందిశీకులకు అనతోలియాలో భూమిపై స్థిరనివాసం కల్పించే ఆలోచన కూడా ఈ బృందం చేసింది. గాయానికి కట్టు కట్టినంత మాత్రాన పని ముగియదన్న గ్రహింపు ఇది.

పందొమ్మిదవ శతాబ్ది చివర క్రీట్ ద్వీపం నుండి, బాల్కన్ ప్రాంతాల నుండి వచ్చిన ముస్లిములలో కొందరిని డమాస్కస్‌కు పంపగా, వారికి స్థలం దొరికినది ఖాసియూన్ వాలు మీదనే, సాలిహియా పక్కనే. ఆ పేట పేరు అల్ ముహాజిరీన్. ఈసారి కాందిశీకులు పల్లం నుండి కొండకు మారవలసిన పని లేకపోయింది.

నేటి కొలబద్దలు

నేడు సహాయ సంస్థలు కొన్ని కనీస ప్రమాణాలను అంగీకరించాయి. మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీరు, ఇరవైమందికి ఒక మరుగుదొడ్డి, ఒక్కొక్కరికి మూడున్నర చదరపు మీటర్ల కప్పు గల చోటు వాటిలో ఉన్నాయి. విపత్తులలో మానసిక సహాయం గురించి 2007లో వెలువడిన అంతర్జాతీయ మార్గదర్శకాలు సేవలను నాలుగు అంతస్తులుగా చూపుతాయి. అన్నిటికన్న అడుగున, అందరికీ కావలసినవి భద్రత, కనీసావసరాలు. దాని పైన కుటుంబ, సమాజ బంధాలు. ఆ పైన సాధారణ కార్యకర్తలు కొందరికి చేసే ప్రత్యేక సహాయం. శిఖరాన కొద్దిమందికి అవసరమయ్యే మనోవైద్యం. పునాది లేని గోపురం నిలవదన్నదే దీని సారం. రూమా బావి, సోదర బంధం, తల్బీనా గిన్నె, బీమారిస్తాన్ ఈ నాలుగు అంతస్తుల్లో ఎక్కడెక్కడ ఇముడుతాయో పాఠకులే గ్రహించగలరు.

శిఖరాన్ని తేలికగా తీసుకోరాదు కూడా. యుద్ధపీడిత ప్రజల్లో సుమారు ఐదుగురిలో ఒకరు ఏదో ఒక మనోవ్యాధితో బాధపడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో అంచనా వేసింది. సహనం వహించమని చెప్పి వీరిని వైద్యానికి దూరం చేయడం ధర్మం కాదు. చికిత్స చేయించుకోమన్నదీ దైవప్రవక్త (స) ఆదేశమే.

ఇది దూరదేశాల విషయం మాత్రమే కాదు. మయన్మార్ నుండి తరిమివేయబడిన రోహింగ్యా కుటుంబాలు 2012 తరువాత హైదరాబాదు శివార్లలో, బాలాపూర్ వంటి చోట్ల గుడిసెలు వేసుకొని బ్రతుకుతూ వచ్చాయి. రంజాన్ మాసంలో బియ్యం, బట్టలు తీసుకువెళ్లే చేతులు ఈ ఊళ్లలో ఉన్నాయి. ఆ చేతులకు పుణ్యం దక్కుగాక! కాని బియ్యం ఇచ్చి వెనుదిరిగే ముందు కొన్ని ప్రశ్నలు అడగవలసి ఉంది. ఈ బస్తీకి తాగునీరు ఎక్కడి నుండి వస్తున్నది? మురుగు ఎటు పోతున్నది? స్త్రీలు చీకటి పడేవరకు ఆగకుండా మరుగుదొడ్డికి పోగలరా? పనిచేయగలవానికి పని దొరికిందా? రాత్రిళ్లు నిద్రపట్టని తల్లి తన భాషలో ఎవరితో మాట్లాడుతున్నది? ఈ ఏర్పాటు వచ్చే ఏడాది కూడా నడవడానికి ఏ ఆధారం ఉంది?

సహాయాన్ని ఇచ్చిన సొమ్ముతో కాక, పుచ్చుకొన్నవారి స్థితితో కొలవాలి. మదీనా ఏర్పాట్లు ఎంతగా ఫలించాయో 630లో తెలిసింది. మక్కా జయింపబడిన రోజున బిలాల్ (రజి) కాబా మీద నిలిచి అజాన్ పలికారు. జ్వరంలో కలవరించిన ఊరు ఇప్పుడు ఎదుటనే ఉంది. దైవప్రవక్త (స) ఇక సొంత ఊరిలోనే ఉండిపోతారేమోనని అన్సార్లు దిగులుపడ్డారు. తన బ్రతుకూ చావూ వారితోనేనని ఆయన మాట ఇచ్చి, మదీనాకే తిరిగివచ్చారు. ఒకప్పుడు చెడునీటి వాగుతో, జ్వరంతో భయపెట్టిన ఆ ఊరే వారి ఇల్లయింది. 1187లో జెరూసలేము విముక్తమైన తరువాత కూడా సాలిహియా నిలిచే ఉంది, అక్కడి పిల్లలు ఆ కొండవాలునే సొంత ఊరుగా ఎరిగారు. వచ్చినవానికి కొత్త ఊరు ప్రియం కావడమే సహాయానికి పరమావధి. అది శుభ్రమైన నీటితో మొదలై, ఆప్యాయమైన పలకరింపుతో నిండుతుంది.